మెతుకు నొక్కినట్టు

మా తోటికోడలు ప్రశ్నను చదివే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. అన్నం ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూసినట్టు, ఒక్కో మాట మీద వేలు పెట్టి నొక్కేది.

చోడవరంలో ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. ఆమెకు అక్షరాలు దిద్దించింది నేనే. చదువుకున్న కోడలినన్న పేరు ఇంట్లో నాది. అది చేజారకూడదని గైడులోని వ్యాసాలన్నీ బట్టీ పట్టాను.

ఒకరోజు మాస్టారు ప్రశ్న ఇచ్చారు: "పల్లె బతుకు మేలా, పట్నం బతుకు మేలా? చర్చించండి." పల్లె పచ్చదనం మీద నాలుగు పేజీలు నింపేసి తలెత్తితే, ఆమె వేలు ఇంకా "మేలా" దగ్గరే ఉంది.

"ఏటే, ఇంకా మొదలెట్టనేదా?"

"ఎవులికి మేలో సెప్పనేదక్కా ఇందులో. మావయ్యకా, మనకా?"

"అడిగింది రాయే! నీకెందుకా గోల?"

ఒక్క పేజీ రాసింది. చెరకుతోట ఉన్న మామగారికి పల్లె మేలట. బోరింగు నుంచి నీళ్లు మోసే కోడళ్లకు కుళాయి ఉన్న పట్నం మేలట. ఎవరికో తేల్చకుండా ఏది మేలో చెప్పలేమట. మాస్టారు దాన్నే అందరికీ చదివి వినిపించారు. నా నాలుగు పేజీల కింద "గైడు" అని ఒక్క మాట రాశారు. తిరుగు ఆటోలో ఆమె పక్కన చోటున్నా, నేను వెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నాను.

పరీక్షలో గైడులో లేని ప్రశ్న వచ్చింది. నా వేలు దానంతటదే మొదటి మాట మీదికి వెళ్లింది. గబుక్కున రెండో చేత్తో కప్పేసి, పక్క వరసలో ఉన్న ఆమె చూసిందేమోనని తలెత్తాను. చూడలేదు.

అప్పుడు గట్టిగా నొక్కాను.