ఎరిడ్ అనే ఊరు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి జిరాక్స్ దుకాణం కన్యకది. భర్త పోయినప్పటిసంది పదహారేండ్లుగా తనే నడుపుతున్నది. ఇంటర్ దాక చదివింది కాబట్టి, కాగితాల మీద అర్థంకాని ఇంగ్లీషు ముక్క ఉంటే అందరూ ఆమెనే అడుగుతరు.

మూడేండ్ల కింద మే నెలల దౌల్తాబాద్ నుంచి నరేశ్ వచ్చిండు. ముప్పై దాటిన మనిషి, గల్ఫ్ పోతున్నడు. తోటల డ్రైవర్ పని అని ఏజెంటు చెప్పిండట. అగ్రిమెంటు జిరాక్స్ తీయించుకుంట ఒక మాట మీద వేలు పెట్టిండు.

"అక్కా, పని ఏడనో గీడ రాసిన్రు. గీ మాట ఏంది?"

'ఎరిడ్ ఏరియా' అని ఉన్నది. వెనక ఐదుగురు నిలబడ్డరు. కన్యక ఆ మాట ఎన్నడూ వినలేదు. తెలియదంటే చిన్నతనమనిపించింది.

"ఏరియా పేరు తమ్మీ. ఎరిడ్ అంటే ఏదో ఊరు."

"పేరు మంచిగనే ఉన్నది," అని నవ్వి కాగితాలు కవర్ల పెట్టుకున్నడు.

మరుసటేడు ఎండకాలం అతని భార్య సుచిత్ర వచ్చింది. పాస్‌పోర్టు, చావు సర్టిఫికెట్ నాలుగు సెట్లు కావాలన్నది. అద్దం మీద పాస్‌పోర్టు పెడుతుంటే కన్యక ఆ మొఖం గుర్తుపట్టింది. ఎట్లయిందని అడిగితే సుచిత్ర చెప్పింది. ఎడారిల బండి ఖరాబైతే నడుసుకుంట బయలుదేరిండట. రెండో రోజు దొరికిండట. పక్కన నీళ్ల సీసా, ఖాళీది.

ఆ సాయంత్రం డిగ్రీ చదివే బిడ్డ మనీషను ఎరిడ్ అనే మాటకు అర్థం చూడమన్నది. మనీష ఫోన్ల వెతికింది.

"వానల్లేక బొత్తిగ ఎండిపోయిన నేల అమ్మా. లాటిన్ల ఎండుడు అనే మాట నుంచి వచ్చింది. కాలుడు అనే మాట గూడ దీనికి చుట్టమేనట." ఇంక కిందికి చదివింది. "ఏరియా గూడ అందులకెల్లే వచ్చిందేమో అంటున్నరు. ఎండిన ఖాళీ జాగ అని. గట్టిగ మాత్రం చెప్పలే. ఎందుకమ్మా?"

కన్యక ఫోన్ తీసుకొని ఆ ముక్క తనే మల్లొకసారి చదివింది. కాగితం అంతా చెప్పింది. చదివి చెప్పాల్సింది తను.

అప్పటిసంది మిషన్ మూత దించినప్పుడల్లా వెనకనుంచి "అక్కా, గీ మాట ఏంది?" అని వినిపిస్తది. తిరిగి చూస్తే ఎవరో ఆధార్ కార్డు పట్టుకొని ఉంటరు. నీళ్లు తాగబోతే సగం గ్లాసు కాంగనే కింద పెట్టేస్తది.

నెల గడిచినంక బస్సెక్కి దౌల్తాబాద్ పోయింది. సుచిత్ర బియ్యం ఏరుతున్నది. అరుగు మీద కూసొని జరిగిందంతా చెప్పింది.

"మీరేనా," అని సుచిత్ర చాట పక్కన పెట్టింది. "ఎరిడ్ అనే ఊరుకు పోతున్న అన్నడు నాతోని. పోయినంక గూడ ఫోన్ల అంటుండె, ఆ ఊరి బోర్డు ఏడ కనవడ్తలేదే అని."

తిట్టినా బాగుండు. సుచిత్ర తిట్టలే. చాట మల్ల ముంగటికి తీసుకున్నది.

"మీ బస్సు టైమయితది," అన్నది.

ఇప్పుడు గల్ఫ్ కాగితం ఎవరు తెచ్చినా కన్యక కుర్చీల కూసోబెడ్తది. తెలియని మాట తెలియదనే అంటది, చూసి చెప్తది. లైన్ల ఉన్నోళ్లు గులుగుతరు. పోయిన నెల చిన్నకోడూరు నుంచి మల్లయ్య వచ్చిండు. పని ఏడనో, అది ఎసుంటి నేలనో చదివి చెప్తే కాగితం మల్ల ఆమె దిక్కే జరిపిండు.

"నాకెరుకే అమ్మా," అన్నడు. "రెండు సెట్లు తియ్యి."

తీసిచ్చింది.