ఉప్పు వేసింది నేనేనండి

వెంకటరాఘవయ్యగారికి ఒకటే జబ్బు. తన పచ్చళ్లలో ఏ తప్పు జరిగినా, ఊరికి తెలిసేలోపు తనే మైకు పెట్టి చెప్పేస్తారు. ఆయనకి తెనాలిలో పచ్చళ్ల ఫ్యాక్టరీ, బాపట్లలో, రేపల్లెలో చెరో కొట్టు ఉన్నాయి. నాకు మైకు కట్టిన ఆటో ఉంది. పన్నెండేళ్లుగా ఆయన తప్పుల మీదే నా ఇల్లు గడుస్తోంది.

"మాగాయలో ఉప్పు ఎక్కువైందండి. వేసింది నేనేనండి. బీపీ ఉన్నవాళ్లు కాస్త చూసుకోండి" అని ఒక వారం. నిమ్మకాయ ముక్కలు మరీ పెద్దవైపోయాయి, కోసింది నేనే అని ఇంకో వారం. మిగతా వ్యాపారులు మైకు పెట్టి గొప్పలు చెప్పుకుంటే ఈయన పరువు తీసుకునేవారు. జనం మాత్రం పనులాపుకుని మరీ వినేవారు. మీ ఆయన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకమ్మా అని ఆయన భార్య బాలసరస్వతమ్మగారికి బజారంతా సలహా ఇచ్చేది. ఆవిడ నవ్వి ఊరుకునేవారు.

సొంత కూతురు శ్రీవల్లి పెళ్లిలోనూ అంతే. ముహూర్తానికి ముందు పురోహితుడి దగ్గర మైకు లాక్కుని, పాయసం అడుగంటింది, కాచింది నేనేనండి అన్నారు. పెళ్లికొడుకు బిక్కమొహం వేశాడు. కన్యాదానం చెయ్యాల్సిన మనిషి పాయసం ఎప్పుడు కాచాడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కిందటి వర్షాకాలం మాత్రం నవ్వులాట కాదు. బాపట్లలో ఒకాయన రాఘవయ్యగారి గోంగూర సీసా తెరిస్తే లోపల తెల్లగా బూజు. వీడియో తీసి పెట్టాడు. మధ్యాహ్నానికి సూర్యలంక బీచిలో స్నానాలకొచ్చినవాళ్లు కూడా ఫోన్లలో అదే చూస్తున్నారు. ఫ్యాక్టరీ మూతబడితే నలభై మంది ఆడవాళ్లకి పని పోతుంది.

నేను ఆటో తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లేసరికి రాఘవయ్యగారబ్బాయి హేమంత్ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. హైదరాబాదులో ఎవరో నిపుణుడు రాసిచ్చాడట. విషయం మా దృష్టికి వచ్చింది, సమగ్రంగా పరిశీలిస్తున్నాం అని ఉంది. రాఘవయ్యగారు రెండుసార్లు చదివారు.

"ఇది చదివితే సీసా ఉంచుకోవాలో పారెయ్యాలో తెలుస్తుందా?"

"తెలీదు నాన్నా."

"మరి ఎవరి కోసం రాయించావు?"

తప్పు ఒప్పుకోవద్దని లాయరు కూడా చెప్పాడని హేమంత్ నసిగాడు. అవతల జనం అన్నంలో కలుపుకుంటున్నారురా అని ఆయన ఆటో ఎక్కేశారు. వెనక నిలబడ్డ ధనమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో గోంగూర పని చూసేది ఆవిడే. మిరపకాయల ఘాటేమో అనుకున్నాను.

మూడూళ్లూ తిరిగాం. "ఎర్ర మూత గోంగూర తినకండి. తెచ్చిచ్చెయ్యండి, డబ్బు తిరిగిచ్చేస్తాం. కడిగిన ఆకు సరిగా ఆరకముందే కలిపేశాను. కలిపింది నేనేనండి." జనం ఎంత తిట్టినా ఆయన అడ్డు చెప్పలేదు. మిగతా పచ్చళ్ల సంగతేంటని అడిగితే, తెలియదండి, పరీక్షకి పంపాం, గురువారం వచ్చి చెబుతాను అన్నారు. గురువారం మళ్లీ మూడూళ్లూ తిరిగి, మిగతావన్నీ బాగున్నాయని చెప్పారు.

ఆ గురువారమే రేపల్లెలో ఎనభై ఏళ్ల సుందరమ్మగారు సీసా పట్టుకుని ఆటో దగ్గరికొచ్చారు.

"ఆకు ఆరిందో లేదో ఎలా చూస్తావు నాయనా?"

ఆయన తడుముకున్నారు. "వాసన చూసి."

"చేత్తో నలిపి చూడాలి. నువ్వు జన్మలో పచ్చడి కలపలేదు. ఎవరిని కాపాడుతున్నావు?"

ఇదంతా మైకులో బజారుకి వినిపిస్తోంది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన తన చేత్తో మైకు ఆపేశారు.

"మబ్బు పట్టిందని ఆరబెట్టిన ఆకు కంగారులో ఎత్తేసిందమ్మా. పేరు చెబితే అది బజార్లో తలెత్తుకు తిరగలేదు. నాకైతే అలవాటేగా."

సుందరమ్మగారు డబ్బు తీసుకోలేదు. బదులుగా మాగాయ ఇమ్మన్నారు, ఉప్పు తక్కువున్నది చూసి.

నాకప్పుడు ధనమ్మ కళ్లు గుర్తొచ్చాయి. మాగాయ, నిమ్మకాయ ముక్కలు, పాయసం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఇప్పుడు ధనమ్మ నలిపి చూడనిదే ఫ్యాక్టరీలో ఒక్క ఆకు లోపలికి పోదు.

మొన్న బాలసరస్వతమ్మగారు చీరాల వెళితే రాఘవయ్యగారు నాకు ఫోన్ చేశారు. "ప్రభుదాసూ, ఈ గ్యాసు పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందయ్యా?" వెళ్లి నేనే టీ కాచాను. అంతలో హేమంత్ వచ్చి ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. నేను నోరు తెరిచేలోపే రాఘవయ్యగారు అందుకున్నారు.

"పంచదార ఎక్కువైందిరా. వేసింది నేనే."