రాగిరేకు మీద మా గల్లి

పోయిన వారం మా మనవరాలు, జగిత్యాలలోని నా పుట్టింటి బొమ్మ ఏదైనా ఉందా అని అడిగింది. రోడ్డు వెడల్పులో ఆ ఇల్లు పోయింది. సిరిసిల్లకు కాపురానికి వచ్చినప్పటి ట్రంకుపెట్టె అడుగున ఒక్క కాగితం దొరికింది: గడియారం టవర్ దగ్గరి మా గల్లి, సన్నని నల్లగీతల్లో. వెనకవైపు ఎర్ర పెన్సిల్‌తో నేను వేసిన తేదీ, దాని కింద మూడు తప్పులు.

గీసినాయన మా ఎదురింటి చాచా. గిన్నెల మీద పేర్లు చెక్కడం ఆయన పని. మిగిలిన పొద్దంతా రాగిరేకుకు మైనం పూసి, సూదితో చార్మినార్ గీసి, తేజాబ్ అనే ఆమ్లంలో ముంచేవాడు. గీత పడ్డచోటల్లా తేజాబ్ రాగిని తినేది. గొంతు పట్టే ఆ వాసనకు మా అమ్మ గొణుక్కుంటూ కిటికీ మూసేది. రేకులు హైదరాబాద్ పోయేవి. అక్కడ సిరా పూసి కాగితం మీద అచ్చు తీసి, పెద్ద హోటళ్లలో దిగే విదేశీ ధనవంతులకు ఊరి గుర్తుగా అమ్మేవారు. ఆ అచ్చును చాచా అప్పటిదాకా చూడలేదు. అచ్చులో కుడి ఎడమవుతుంది. చార్మినార్ ఎటు తిప్పినా ఒకటే కనుక ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఒక ఏడు, చిన్న ఊరి వీధి ఒకటి కావాలన్నారు. చాచా తన గడపలో కూర్చుని నాలుగు నెలలు మా గల్లి గీశాడు.

ఈసారి తన గల్లి కనుక అడిగి ఒక అచ్చు తెప్పించుకున్నాడు. అది వచ్చిన రోజు చుట్ట విప్పకుండానే నా దగ్గరికి తెచ్చాడు. అప్పటికి నేను బడిలో లెక్కలు చెబుతున్నాను. "మీ ఇల్లున్నది బిడ్డా, ముందుగాల నువ్వే ఇప్పు. మన గల్లి ఇమానమెక్కి దేశాలు దాటుతున్నది," అన్నాడు. విప్పాను. టవర్‌కు కుడివైపు ఉండాల్సిన మా ఇల్లు ఎడమన ఉంది. బావి, మెట్లు కూడా అంతే. పరీక్ష పేపరు దిద్దినట్టు ఆయన ముందే వెనక్కి తిప్పి మూడూ రాశాను. చాచా కాగితాన్నీ గల్లినీ మార్చి మార్చి చూశాడు. కొన్నవాళ్లకు తెలియదులే అని సర్దిచెప్పబోయాను.

"ఆళ్లకు ఎరుక లేదు బిడ్డా. నాకు ఎరుకైంది గదా."

కాగితం నా దగ్గరే వదిలి వెళ్లాడు. మళ్లీ రాగిరేకు ముట్టలేదు. తరువాత కోరుట్లలో బిడ్డ దగ్గరికి పోయాడు. చూసి రావాలని ప్రతి సెలవుకూ అనుకున్నాను. అన్ని తేదీలూ రాసుకునే నా పుస్తకంలో ఆయన పోయిన తేదీ లేదు. కబురే ఆలస్యంగా అందింది.

ఆనాడు లెక్కపెట్టనివి మొన్న లెక్కపెట్టాను. మా కిటికీ ఊచలు తొమ్మిదని నాకు గుర్తు. బొమ్మలోనూ తొమ్మిదే. మనవరాలు కాగితాన్ని బీరువా అద్దానికి ఎదురుగా పట్టింది. ఇల్లు కుడివైపుకు వచ్చి నిలబడింది.

"గిప్పుడు సరిగున్నదా నాయినమ్మా?"

అంతా సరిగ్గానే ఉందన్నాను. ఆనాడూ మా గోడకు అద్దం ఉంది, చాచాకు పట్టి చూపలేదు. ఆ మాట అనడానికి నాకే నలభై మూడేళ్లు పట్టింది.