మరక కనపడని గుడ్డ

మనవడు కొన్న కొత్త కారులో కూర్చోగానే మడత విప్పని గుడ్డ వాసన వేసింది. చింతపల్లిలో మా నాన్న బట్టల కొట్టు గుర్తొచ్చింది.

నా చిన్నతనంలో ఒకరోజు కలప కాంట్రాక్టరుగారి మోటారు మా కొట్టు ముందు ఆగింది. దాని లోపలి కప్పుకీ, తలుపుల పక్కలకీ గుడ్డ మార్చాలని డ్రైవరు అప్పన్న వచ్చాడు. నాన్న తానులు పరిచాడు.

"తెల్లది బాగుంటాది నాన్నా," అన్నాను.

"తెల్లది వద్దే గుంటా," అన్నాడు అప్పన్న, తల దించుకుని. "మరక కనపడని రంగు తెమ్మన్నారు బాబుగోరు."

నేను మోటారెక్కి చూశాను. తలుపు పక్క పాత గుడ్డ మీద ఎర్రగా ఎండిన అయిదు వేళ్ల గుర్తు ఉంది. ఎవరో గోరింటాకు చేత్తో ముట్టుకున్నారనుకుని దానిమీద నా చెయ్యి ఆనించాను. సరిగ్గా సరిపోయింది.

"దిగు, బేగి దిగు!" అంటూ నాన్న నన్ను కిందికి లాగేశాడు. తర్వాత ముదురు గోధుమరంగు తానులోంచి గుడ్డ చింపాడు.

ఘాట్ రోడ్డు మలుపులో ఒక కొండపిల్ల ఆ మోటారు కింద పడిందనీ, ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే పోయిందనీ నేను పెద్దయ్యాక నాన్న చెప్పాడు.

"ఆ పిల్ల పేరేటి నాన్నా?"

"అప్పన్నని అడిగినాను. ఎవులూ అడగనేదంట."