బరువెక్కిన స్టీరింగు

శావల్యాపురంలో బసవపున్నయ్య ఇల్లెక్కడ అంటే ఏ బసవపున్నయ్య అని అడుగుతారు. కారు బసవపున్నయ్య అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కిరాయికి తోలుతున్నాడు మరి. మొదట జీపు, ఆ తర్వాత కారు. పెళ్ళిళ్ళకూ, కోర్టు వాయిదాలకూ, కాన్పులకూ ఊరి జనాన్ని నరసరావుపేట తిప్పినవాడు. తన బండిలో ఇద్దరు పిల్లలు పుట్టారని గొప్పగా చెప్పుకుంటాడు. నిజానికి పుట్టింది ఒక్కరే, రెండో కాన్పు ఆస్పత్రి గేటు దాటాక అయింది. పోనీలెండి, ఆ మాత్రం కోతలు అందరూ కోస్తారు.

మూడేళ్ళ కిందట పత్తి లారీ మీద తాడు బిగిస్తూ జారిపడి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేశారు. ఆ చెయ్యి ఇప్పటికీ రొమ్ము ఎత్తు దాటి లేవదు, కాస్త గట్టిగా లాగితే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. పాత కారు స్టీరింగు తిప్పలేక, ఉన్న ముప్పాతిక ఎకరం తెగనమ్మి, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు ఉన్న చిన్న కారు సెకండ్ హ్యాండులో తెచ్చుకున్నాడు. స్టీరింగు కింద చిన్న మోటారు, దాన్ని నడిపే పెట్టె ఒకటి ఉంటాయి. మనిషి కాస్త తిప్పితే మిగతా బలమంతా మోటారు పెడుతుంది. మొదటిరోజు ఒంటిచేత్తో సందు మలుపు తిప్పుకొచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చేశాడు.

"ఇంకో పదేళ్ళు తోల్తానే," అన్నాడు భార్య ప్రమీలమ్మతో.

ఆమెకూ అదే కావాలి. వేరే పని ఆయనకు రాదు, వచ్చినా ఆ చేత్తో చేసేదేముంది? ఆ స్టీరింగు తేలిగ్గా తిరిగినన్నాళ్ళే ఆయన డ్రైవరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ వారం నుంచీ ప్రమీలమ్మ ఒక నియమం పెట్టుకుంది. సోమవారం సోమవారం కారు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, కోటప్పకొండ సామిని తల్చుకుని కొబ్బరికాయ కొట్టేది. ఆ నీళ్ళు అందరిలా టైరు మీద పోయకుండా దోసిట్లో పట్టి స్టీరింగు మీద పోసేది. భర్త చెయ్యి పట్టుకునేది దాన్నే కదా, ఆ చల్లదనం ఆ చేతికి తగలాలని ఆమె ఆశ. బసవపున్నయ్య కూడా దణ్ణం పెట్టుకునేవాడు.

దరిద్రం ఈ శ్రావణంలో పట్టుకుంది. రోజు విడిచి రోజు తన కారులోనే పోయే కోటేశ్వరరావు మాస్టారిని డయాలసిస్‌కు నరసరావుపేట తీసుకుపోతుంటే, ఎదురుగా మీటర్ల దగ్గర పసుప్పచ్చ రంగులో స్టీరింగు బొమ్మ వెలిగింది. ఆ వెంటనే స్టీరింగు బరువెక్కిపోయింది. పక్కన ఆపి, తాళం తీసి మళ్ళీ వేస్తే మామూలైంది. ఇక రోజూ అదే వరస. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి మొండికేస్తుంది. మలుపు కనబడితే చాలు, ముందే బండి నెమ్మది చేసుకునేవాడు.

నరసరావుపేటలో ముర్తుజా అని మంచి మెకానిక్కు ఉన్నాడు, బసవపున్నయ్యను బాబాయ్ అంటాడు. బ్యాటరీ చూశాడు, వైర్లు చూశాడు, స్కానర్ పెట్టాడు. చివరికి స్టీరింగు కింద మోటారు, దాని పెట్టె రెండూ పోయాయని తేల్చాడు. ఆ మోడలు కంపెనీ ఎప్పుడో ఆపేసింది. పది చోట్లకు ఫోన్లు చేసి, పాత కార్లు విప్పేచోట ఒకటి పట్టాడు.

"ఇదొక్కటే దొరికింది బాబాయ్. మళ్ళీ పోతే నావల్ల కాదు," అని చెప్పి మరీ బిగించాడు.

స్టీరింగు మళ్ళీ తేలికైంది. ప్రమీలమ్మ సంతోషం పట్టలేకపోయింది. అంత గండం గట్టెక్కించిన సామికి దోసెడు నీళ్ళు ఏం సరిపోతాయని, అప్పటినుంచి కాయ నీళ్ళన్నీ స్టీరింగు మీదే కుమ్మరించింది.

ఐదు వారాలు. ఆరో వారం మాస్టారిని ఇంటికి తెస్తుంటే మలుపులో స్టీరింగు చచ్చిపోయింది. ఎదురుగా బస్సు. రెండు చేతులా లాగబోతే భుజంలో ఏదో చిట్లినట్టయింది, కారు సగమే తిరిగి పొలంగట్టు ఎక్కి ఆగింది. దెబ్బలు తగల్లేదు. మాస్టారు కిందికి దిగి, కాసేపు ఊపిరి తీసుకుని, మెల్లగా అన్నాడు.

"నీ తప్పేం లేదు బసవపున్నయ్యా. కానీ ఎల్లుండి నుంచి వేరే బండి మాట్లాడుకుంటా. నాకు భయంగా ఉంది."

బసవపున్నయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే.

మాస్టారిని ఆటో ఎక్కించి ఫోన్ చేస్తే, ముర్తుజా అక్కడికే వచ్చాడు. స్టీరింగు కింద ప్లాస్టిక్ మూత విప్పి, లైటు వేసి చూశాడు. పెట్టెకు వైర్లు తగిలించే పిన్నులన్నీ ఆకుపచ్చగా చిలుం పట్టి జిగురు కట్టాయి. వేలితో తీసి వాసన చూశాడు.

"కొబ్బరినీళ్ళా బాబాయ్?"

బసవపున్నయ్య తలూపాడు.

"జీపులో అయితే ఎంత పోసినా ఏం కాదు, అందులో ఉండేది ఇనప రాడ్డేగా. ఇందులో పెట్టె నీ మోకాళ్ళ పైనే ఉంది. పోసిందంతా జారి చక్కా దాని మీదకే పోయింది. ఉప్పు నీళ్ళలా తినేసింది. మొన్నటి పెట్టె విప్పి చూళ్ళేదు గానీ, అదీ దీంతోనే పోయుంటది." మూత మళ్ళీ బిగిస్తూ, "అప్పుడే చానా అడిగా బాబాయ్. ఇంకోటి ఎక్కడా లేదు," అన్నాడు.

బరువు స్టీరింగును ముర్తుజాయే తిప్పుకుంటూ కారు ఇంటికి చేర్చాడు. తన కారులో ఎడమ పక్క సీట్లో కూర్చోవడం బసవపున్నయ్యకు అదే మొదలు. దారి పొడుగునా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

"ఏం పోయిందంటయ్యా?" ప్రమీలమ్మ అడిగింది.

ఆయన భార్య చేతుల వంక చూశాడు. ఇన్నాళ్ళూ తన చెయ్యి కోసం నీళ్ళు పోసిన చేతులు అవి. చెబితే ఈ జన్మకు తేరుకోదు. దేవుడి మీద కోపమొచ్చింది, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది, ఆమె మీద మాత్రం రాలేదు.

"పాత సామానే కదా. అరిగిపోయిందంట," అన్నాడు.

తెల్లారితే సోమవారం. ప్రమీలమ్మ తలంటుకుని, పళ్ళెంలో రెండు కొబ్బరికాయలు పెట్టుకుని కారు దగ్గరికి వచ్చింది.

"ఇయ్యాల రెండు కొడతానయ్యా. సామి చూడకుండా ఉంటాడా? మళ్ళీ తోల్తావు, నువ్వేం దిగులు పెట్టుకోబాక."

వద్దనడానికి కారణమేమీ మిగల్లేదు, తడిసి పాడవడానికి లోపల ఇంకేమీ లేదు. బసవపున్నయ్య వచ్చి, బాగున్న చేత్తో కారు తలుపు తెరిచి, ఆమె నీళ్ళన్నీ పోసేదాకా పట్టుకుని నిలబడ్డాడు.