మూడో తరగతి గదిలో పరాయి సిపాయిలు

ముప్పై నాలుగేళ్ళు మూడో తరగతికే పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మను యుద్ధం మళ్ళీ ఆ గదిలోకే లాక్కొచ్చింది. ఈసారి బెంచీల మీద కూర్చున్నవాళ్ళు గడ్డాలూ మీసాలూ ఉన్న పరాయి దేశపు మనుషులు. ఎవరూ బొట్టు పెట్టి పిలవకపోయినా, ఈ దేశం తరఫున పోరాడతామని తమంతట తామే వచ్చారు. పిల్లల బెంచీలు కావడంతో మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నాయి. పది రోజుల్లో వాళ్ళకి నాలుగు ముక్కలు భాష నేర్పాలి. పదకొండో రోజున లారీ ఎక్కించేస్తారు.

ఆఫీసరు నేర్పవలసిన మాటల జాబితా ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అందులో సగం కొట్టేసి 'నీళ్ళు', 'ఎక్కడ నొప్పి', 'భయమేస్తోంది' అని చేర్చింది.

"భయమేమిటమ్మా? సిపాయికి ఆ మాట దేనికి?"

"మాట నేర్పకపోతే భయం వెయ్యడం మానేస్తుందా బాబూ? పక్కవాడితో చెప్పుకోడానికైనా ఉండొద్దూ?"

వాళ్ళలో ఇళ్ళకి కప్పులు వేసే మేస్త్రీ ఒకడున్నాడు. నలభై దాటిన మనిషి, గుమ్మంలో తల వంచందే లోపలికి పట్టడు. నాలుక మాత్రం మహా మొండిది. 'గుండు వస్తోంది, పడుకో' అనమంటే 'గుండె వస్తోంది' అని గదంతా అదిరేలా అరిచేవాడు.

"ఒరే నాయనా, గుండె వస్తే రానీ! గుండు వస్తేనే పడుకోవాలి" అని నవ్వాపుకోలేకపోయేది పంతులమ్మ.

ఎందుకొచ్చావని అడిగితే, వచ్చిన మాటలన్నీ కూడగట్టుకుని, "ఇంట్లో టీవీ. యుద్ధం చూశాను. కూర్చున్నాను. బాగా లేదు" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబితే చెల్లెలు మొహం మాడ్చుకుంది. రెండు గదుల వాటాలో ఆ అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారు. చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు, యుద్ధం మొదలైన మూడో రోజే సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఎదురుపడ్డవాళ్ళెవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకి ముల్లయి గుచ్చుకుంది. కొడుకు ఫోను చేస్తే ఎత్తడం మానేసింది.

"నీ సిపాయిల కబుర్లు నాకొద్దక్కా. ఎక్కడో పుట్టినవాడు వచ్చాడు, నేను కన్నవాడు పారిపోయాడు. ఇంక నాకు నోరేముంది?"

లారీ వెళ్ళిన నాలుగు నెలలకి, మేస్త్రీ పంతులమ్మ ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాడని కబురొచ్చింది. పక్కనే గుండు పేలి తుంటి ఎముక విరిగింది, రెండు చెవులూ పోయాయి. నోటితో నేర్పిన ఏ మాటా ఇక అతని చెవిన పడదు. పంతులమ్మ మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పలకా బలపం పట్టుకెళ్ళి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. నాలుకకి లొంగని భాష అతని వేళ్ళకి లొంగింది. రెండు నెలలు తిరిగేసరికి చిన్న చిన్న వాక్యాలు కూడబలుక్కుని చదవసాగాడు.

ఒక ఆదివారం పంతులమ్మకి జ్వరం తగిలింది. మేస్త్రీకి కాచిన సూపు గిన్నె పట్టుకుని చెల్లెలు ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు.

"ఇచ్చేసి వస్తాను, అంతే. కూర్చోమనకు" అని ముందే చెప్పింది.

కానీ అతను సూపు తాగుతుంటే లేచి రాలేకపోయింది. పలక అందుకుని, 'మా అబ్బాయి యుద్ధానికి భయపడి పారిపోయాడు. నీకు అసహ్యంగా లేదా?' అని రాసింది. అతను వేలు పెట్టి చదువుతూ 'అసహ్యం' దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు. ఆ మాట అతనికి రాదు. ఆవిడ కొంగుతో చెరిపి 'కోపం' అని రాసింది.

చెవులు వినబడని మనిషి కదా, జవాబు వార్డంతా వినబడేలా చెప్పాడు. "నా ఊళ్ళో యుద్ధం వస్తే నేను పరుగు. అమ్మ ఉంది, కూతురు ఉంది. పట్టుకుని పరుగు. ఇక్కడ నాకు ఎవరూ లేరు. నాకు సులువు." ఆవిడ వైపు వంగి, "అబ్బాయి బతికి ఉన్నాడా?" అని అడిగాడు.

ఆవిడ తలూపింది.

"మంచిది" అని మళ్ళీ గిన్నె అందుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా ఆవిడ ఫోను తీసింది. ఎనిమిది నెలల తర్వాత కొడుకు గొంతు వినబడేసరికి, తిట్టడానికి దాచుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"తిన్నావురా?" అంది.

మంచం మీదున్న అక్క దుప్పటి మొహమ్మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.

కొడుకు తిరిగి రాలేదు. కాని ప్రతి ఆదివారం మాట్లాడుతున్నాడు. మేస్త్రీ వేసవిలో చేతికర్ర సాయంతో తన దేశం వెళ్ళిపోయాడు. అక్కణ్ణించి అక్కాచెల్లెళ్ళిద్దరి పేరునా ఉత్తరం రాశాడు: 'కప్పు ఎక్కలేను. కింద నిలబడి పని చెప్తున్నాను. కూతురు నవుతోంది.'

'నవ్వు'కి తగ్గిన వత్తు దిద్దుదామని పంతులమ్మ అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు తీసింది. చెల్లెలు చటుక్కున కాగితం లాక్కుంది.

"ఉండనీ అక్కా. నువ్వు దిద్దితే అది నీ ఉత్తరమైపోతుంది."