గంగమ్మ గాజులు వేసుకున్న రోజు

మరవ మీద ఇసుక మూటలు పేర్చి నీళ్ళు ఆపారు. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పటికీ తప్పే. మరవ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట: ఆనకట్ట నిండాక, ఎక్కువైన నీళ్ళు కట్టకు హాని చెయ్యకుండా పక్కనుంచి పొర్లిపోవడానికి వదిలిన రాతి దారి (కోస్తావాళ్ళు అలుగు అంటారు, అననివ్వండి). దాన్ని మూసేయడమంటే, కడుపు నిండినవాణ్ణి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టనివ్వకుండా వడ్డిస్తూ పోవడమే. మూసింది దేనికంటే, ఒక పెద్దమనిషి వచ్చి బాగినం ఇచ్చేదాకా నీళ్ళు పొర్లకూడదట!

ఆ రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ వయసులో మనిషికి లోకంలో తనొక్కడికే కళ్ళున్నాయనిపిస్తుంది. తక్కినవాళ్ళంతా తన చేత చెప్పించుకోవడానికే పుట్టారనిపిస్తుంది. నేను బెంగళూరు బళేపేటలో గాజుల అంగడిలో పనిచేసేవాణ్ణి. బడిచదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీద, నిలువుకాళ్ళ మీద చదువుకున్నదే. అలా కొన్నవాటిలో చెరువులు, కట్టల గురించిన కన్నడ పుస్తకం ఒకటుండేది. అట్ట లేదు, మొదటి సగం లేదు. కాబట్టి కట్ట ఎలా కట్టాలో నాకు బొత్తిగా తెలియదు. ఎలా తెగుతుందో మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఇంత చదువున్నవాడు గాజులమ్ముకుంటూ ఉంటే దేశం ఎలా బాగుపడుతుందని రోజూ బాధపడేవాణ్ణి (గాజులు కొనే ఆడవాళ్ళకు ఈ బాధ చెప్పబోయి యజమాని చేత తిట్లు తిన్నాను).

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. మా అక్కను ఇచ్చిన ఊరు ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దు దగ్గరి కొండల్లో ఉంది. ఊరి పైన రెండు గుట్టల నడుమ మట్టికట్ట వేసి కట్టిన చిన్న ఆనకట్ట. మా బావ దానికి నీరుగంటి. అంటే తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీళ్ళు వదలాలో చూడడం ఆయన పని. నిండిన నీళ్ళకు చేటలో పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, గాజులు పెట్టి అర్పించడాన్ని మా వైపు బాగినం అంటారు. ఆ చేటలకని మా అంగడికి పచ్చగాజులు ఆర్డరు వచ్చింది. "మీ అక్క ఊరే కదప్పా, నువ్వే పోయి ఇచ్చిరా. అక్కడ నోరు మూసుకోని ఉండు" అని యజమాని నన్ను బస్సెక్కించాడు.

తీరా పోయి చూస్తే ఇదీ సంగతి. సోమవారం రావలసిన పెద్దమనిషి బుధవారమన్నాడు, బుధవారం పోయి గురువారమన్నాడు. ఈలోగా ఆనకట్ట నిండిపోయింది. ఆయన చేతిమీదుగా బాగినం అందుకోకుండానే నీళ్ళు పొర్లితే ఆయనకు తలవంపులని, మరవ మీద రెండు వరసలు మూటలు పేర్చమని పైనుంచి మాట వచ్చింది. నేను దిగింది గురువారం పొద్దున. కట్ట మీద నిలబడి చూద్దును కదా, నీళ్ళకూ కట్ట తలకూ మధ్య మూరెడు కూడా లేదు. పైన కొండల్లో మబ్బు అలాగే ఉంది. మట్టికట్ట మీదుగా ఒక్కసారి నీళ్ళు దాటితే ఇక అది కట్ట కాదు, తడిసిన బెల్లమ్ముద్ద. (ఈ మాట నా పుస్తకంలో లేదు. కానీ ఉండాల్సింది.) కట్ట కింద మొదటి ఇల్లు మా అక్కది. అక్కకప్పుడు ఎనిమిదో నెల.

"అక్కా, సామాను సర్దు. బెంగళూరు పోదాం."

"ఏమిరా, వచ్చీ రాకనే? చేటలకు పసుపు ఎవురు రాస్తారు, మీ యజమానా? మీ బావ ఉండాడు కదా కట్ట మీద, ఆయప్ప చూసుకుంటాడులే. సుమ్నె, ఊరికే కూర్చోని ముద్ద తిను."

ముద్ద తిన్నాను. కోపంలో కూడా రాగిముద్ద తినగలిగిన వయసు. తిని, శాస్త్రీయంగా రుజువు చేద్దామని కట్ట మీదికి బయలుదేరాను. ఒక నిటారైన కర్ర నీళ్ళ అంచున నాటి, రెండేసి వేళ్ళ ఎడం పెట్టి పచ్చగాజులు దానికి కట్టాను. గాజు మునిగితే రెండు వేళ్ళు పెరిగినట్టు. ఇంతకంటే తేలికైన కొలబద్ద ఏ ఇంజనీరు దగ్గరుంటుంది? కర్ర నాటి, లెక్క రాసుకోవడానికి కాగితం తేవాలని ఇంటికి పోయి వచ్చాను. పావుగంట కూడా పట్టలేదు. వచ్చేసరికి నా కొలబద్దకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్ర మొదట్లో టెంకాయ కొట్టి ఉన్నారు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు.

"అది పూజకు కాదమ్మా! నీళ్ళు ఎంత పెరిగాయో చూసేదానికి!"

"ఓయ్ ఓయ్, ముట్టద్దప్పా! కాళ్ళకు చెప్పులు ఉండాయి నీకు!" అని ఒక పెద్దమ్మ నన్ను వెనక్కి నెట్టింది. అంతలో మొదటి గాజు మునిగింది. నేను కెవ్వుమన్నాను. వాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టారు. "చూడండే, గంగమ్మ గాజులు తొడుక్కుంటా ఉండాది!" రెండో గాజు మునిగేసరికి ఊళ్ళో సగంమంది చేరారు. హారతి ఇచ్చారు. మూడోది మునిగినప్పుడు పాటే అందుకున్నారు. కట్ట తెగబోతోందని నేను వేసిన ప్రతి కేకా ఆ పాటలో కలిసిపోయింది. నా రుజువును నా కళ్ళముందే దేవతను చేసి, ఇక దాన్ని నమ్మకుండా చేశారు. అదేం మనుషులో, ఇప్పటికీ నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

బావ తూము గట్టు మీద కూర్చుని ఆకు వేసుకుంటున్నాడు. మాట తక్కువ మనిషి. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు ఎద్దులతోనే.

"బావా, మూటలు తీసెయ్."

"పైనుంచి ఆర్డరు అయిండాదప్పా."

"కట్ట తెగితే ఆర్డరొచ్చి నిలబడుతుందా? కింద మా అక్క ఉండాది. కడుపుతో ఉండాది!"

"నాకూ తెలుసులేప్పా."

"తెలిసి ఇట్లా ఆకు నములుతా ఉండావా? పెండ్లాం బిడ్డకన్నా పనే పెద్దదా నీకు? థూ, పిరికిముండాకొడకా!"

అన్నాను. అక్కమొగుణ్ణి, నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి, పదిమందిలో ఆ మాట అన్నాను. బావ తలెత్తి నన్నొకసారి చూశాడు. తర్వాత మరవ వైపు చూశాడు. ఆకు ఉమ్మి, "ఎండగా ఉండాది, ఇంటికి పో" అన్నాడు. ఎండా లేదు, గిండా లేదు.

మధ్యాహ్నం జనమంతా విందు పందిట్లో ఉండగా నేనే మరవ మీదికి దిగాను. ఈత రాదు. రాదని దిగాక గుర్తొచ్చింది. నడుమనున్న ఒక మూటను రెండు చేతులా పట్టుకుని, అంతవరకు దేశంలో జరిగిన అన్యాయాలన్నీ తలుచుకుని ఒక్క గుంజు గుంజాను. మూట వచ్చింది. దానితో పక్కది, దాని పక్కది, పై వరస మొత్తం, నేను. మరవ కాలువలో ఎక్కడా నడుము లోతుకు మించి లేదు కనుక మునగలేదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నీళ్ళు తోసుకుపోయి, రెండు మడులు దాటించి ఒక కానుగచెట్టుకు తగిలించాయి. పంచె ఆ దారిలో ఎక్కడ విడిపోయిందో తెలియదు. మొదట పరుగెత్తుకొచ్చింది బావే. తన తలగుడ్డ విప్పి నా నడుముకు చుట్టాడు.

పెద్దమనిషి సాయంత్రానికి వచ్చాడు. కాలు పెట్టగానే మరవ పొర్లడం తన అదృష్టమని ప్రసంగించాడు. వెంటవచ్చిన అధికారి మాత్రం మూటలు ఎవరు తీశారని గద్దించాడు. నేను రొమ్ము విరుచుకుని (తలగుడ్డ జారకుండా పట్టుకుని) ముందుకు రాబోయాను. బావ నా భుజం నొక్కి, "మా బామ్మర్ది సార్. గాజులోడు. నీళ్ళు చూడను పోయి జారి పడినాడు" అన్నాడు. అధికారి నవ్వి, అదే రాసుకుని పోయాడు. జారి పడ్డానట!

మూటలు పేర్చడం తప్పని రాయించాలని, నేను జారలేదని దిద్దించాలని ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టానో లెక్క లేదు. దేనికీ జవాబు రాలేదు. ఏటా వానల్లో ఎక్కడో ఒక కట్ట తెగిందని పేపర్లో పడుతుంది, నా నెత్తురు మరుగుతుంది, ఇంట్లోవాళ్ళు పేపరు దాచేస్తారు. బావతో మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆనాటి నా కూతకు క్షమాపణా చెప్పలేదు. ప్రాణాలు కాపాడినవాడు క్షమాపణ చెప్పడమేమిటని బింకం.

బావ ఇప్పుడు అక్కతోపాటు బెంగళూరు బొమ్మనహళ్ళిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆనాడు అక్క కడుపులో ఉన్న పిల్లే, గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు. పోయిన ఆదివారం అక్కడికి వెళ్ళి, ఆమె మనవడికి ఆనకట్టను కాపాడిన కథ మళ్ళీ చెప్పాను. ఒక్క గుంజుతో వరసంతా కూల్చానని చేతులు ఊపుతూ చెబుతుంటే, మంచం మీద నుంచి బావ నవ్వడం కనబడింది. ఇన్నేళ్ళ ఉక్రోషం పొంగుకొచ్చింది. "నవ్వు బావా, నవ్వు! జారి పడ్డానని ఎందుకు చెప్పావు? బాగా చేసినావురా అని ఈ జన్మలో ఒక్కసారన్నా అన్నావా?" అని నిలదీశాను. డెబ్బై దాటిన మనిషినై ఉండి, పసిపిల్లవాడి ముందు, మార్కులు అడుగుతున్న పిల్లవాడిలా నిలబడ్డానని నాకే తెలుస్తోంది. బావ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత తాపీగా జవాబిచ్చాడు:

"ఆ పొద్దు తెల్లారేసరికే నీళ్ళలోకి చెయ్యి పెట్టి మూటలన్నిటికీ అడుగున కొడవలితో గాట్లు పెట్టింటినప్పా. ఇసుక కారిపోతా ఉండె. ఇంగో గడియకు వాటంతట అవే పడిపోవాల, ఎవురి మీదా మాట రాకుండా. అంతలో నువ్వు పోయి పడితివి. నువ్వే తీసినావంటే నిన్ను లాక్కోని పోతా ఉండిరి. నేను కోసినానంటే నా పని పోతా ఉండె. ఆమీద ఎప్పుడన్నా చెప్తామంటే నీ కత పోతా ఉండె. మీ అక్క బతికింది, బిడ్డ బతికింది, ఇంగ కత నీ దగ్గరుంటే ఏమి, నా దగ్గరుంటే ఏమి?"